షుగర్ ఏ పూట అదుపు తప్పుతోంది? ఇంట్లోనే కనుక్కుని సరిచేసుకునే సమగ్ర మార్గదర్శి

మా నాన్నకు పన్నెండేళ్లు షుగర్ ఉంది. ఆ పన్నెండేళ్లలో ఆయన పరీక్ష తప్పించిన నెల లేదు. నెల మొదటి వారంలో కోవూరు వెళ్లి, పరగడుపున రక్తం ఇచ్చి, కాగితం మడిచి చొక్కా జేబులో పెట్టుకుని వచ్చేవారు. 128, 135, 131. ఇంట్లో అందరం నిశ్చింతగా ఉన్నాం. ఒక వేసవిలో కుడికాలి చిటికెన వేలు నల్లబడింది. ఆస్పత్రిలో షుగర్ మూడు నెలల సగటు చూస్తే 10.2 వచ్చింది, ఎక్కువమందికి అది 7 లోపు ఉండాలి. ఆ వేలు తీసేశారు. తర్వాత పక్క వేలూ పోయింది. రక్తం ఇవ్వడానికి మూడు రోజుల ముందు నుంచి ఆయన రాత్రి అన్నం మానేసి రెండు పుల్కాలతో సరిపెట్టుకునేవారని, మిగతా రోజుల్లో రాత్రి పదింటికి కడుపు నిండా పులుసన్నం తినేవారని అమ్మ ఆ ఆస్పత్రి వరండాలో చెప్పింది. ఎవరినీ మోసం చేయాలని కాదు, డాక్టరు చేత చీవాట్లు పడకూడదని అలా చేసేవారు.

షుగర్ అదుపు తప్పడం అంటే ఏదో ఒక పూట అదుపు తప్పడం అని నాకు అప్పుడు అర్థమైంది. ఆ పూట ఏదో తెలియకుండా మాత్రల డోసు పెంచుతూ పోతే పెరిగిన పూట పెరుగుతూనే ఉంటుంది, బాగున్న పూట కళ్లు తిరిగి పడిపోతాం. తర్వాత అమ్మకు, నలభై ఆరో ఏట నాకు కూడా షుగర్ వచ్చింది. నేను డాక్టరును కాను. డాక్టర్లు చెప్పినవి, మా వీధిలో ఒకరికొకరం పుస్తకాలు రాసిపెట్టుకుని నేర్చుకున్నవి ఇక్కడ వరుసగా చెబుతాను. మందు డోసు మాత్రం మీ డాక్టరే మార్చాలి.

ముందుగా: ఇంట్లో ఆగకూడని సందర్భాలు

మిగతాది తర్వాత చదవవచ్చు, ఇది ముందు చదవండి. షుగర్ 250, 300 దాటి ఉండగా వాంతులు, కడుపునొప్పి, లోతుగా వేగంగా ఊపిరి తీయడం, నోటి నుంచి మగ్గిన పండు లాంటి వాసన, మగత కనిపిస్తే రక్తంలో ఆమ్లాలు చేరుతున్నాయని అర్థం. గంటలు లెక్కపెట్టుకోవలసిన పరిస్థితి అది. పెద్ద వయసు వారిలో ఇది మరోలా వస్తుంది. నాలుగైదు రోజులు జ్వరమో విరేచనాలో ఉండి, దాహంతో అల్లాడి, మూత్రం విపరీతంగా పోయి, చివరికి మాట తడబడి మనుషులను గుర్తుపట్టలేరు. అప్పుడు షుగర్ కొలిచే మీటరు అంకె చూపకుండా ‘హై’ అనే అక్షరాలు చూపుతుంది. మీటరు చెడిపోయిందనుకుని పక్కన పెట్టకండి. షుగర్ దాని కొలతకు అందనంత పైన ఉందని అది చెబుతోంది.

కాలు ఎర్రబడి వాచినా, చీము పట్టినా, వేలు నల్లబడినా, దుర్వాసన వచ్చినా అదే రోజు ఆస్పత్రికి వెళ్లాలి. గుండెపోటు షుగర్ ఉన్నవారికి నొప్పి లేకుండా కూడా రావచ్చు. చెమటలు, ఆయాసం, కారణం తెలియని నీరసం మాత్రమే ఉండవచ్చు. మూతి వంకర పోవడం, ఉన్నట్టుండి చూపుకు తెర పడడం కూడా ఇలాంటివే. 108కి ఫోను చేయండి. ఇన్సులిన్ వాడుతున్నవారు ‘తిండి లేదు కదా’ అని సొంతంగా ఇన్సులిన్ పూర్తిగా ఆపకూడదు.

మొదటి అడుగు: ఒంటి మాట వినడం

పెరిగిన షుగర్ మెల్లగా పనిచేస్తుంది కాబట్టి ప్రతి లక్షణానికీ మనం వేరే కారణం చెప్పుకుంటాం. రాత్రి మూడుసార్లు మూత్రానికి లేస్తే వయసు అంటాం. దాహానికి ఎండ అంటాం, మన నెల్లూరు, ప్రకాశం జిల్లాల ఎండకు ఆ మాట అతికినట్టు సరిపోతుంది కూడా. బరువు తగ్గితే సన్నబడ్డావని చుట్టాలు మెచ్చుకుంటారు. తినే తిండి తగ్గకుండా మనిషి తగ్గిపోతుంటే అది మెచ్చుకోవలసిన విషయం కాదు. షుగర్ ఉన్నవారికి క్షయ సోకే అవకాశం కూడా ఎక్కువ కనుక, రెండు వారాలకు మించి దగ్గు ఉంటే కఫం పరీక్ష కూడా చేయించాలి.

మర్మావయవాల దగ్గర దురద, తెల్లమచ్చల్లాంటి ఫంగస్, ఊరికే సెగగడ్డలు లేవడం, చిగుళ్లు వాచి పళ్లు కదలడం, భుజం పట్టేసి చెయ్యి పైకి లేవకపోవడం వీటన్నిటి వెనుకా అదుపులేని షుగర్ ఉండవచ్చు. దురద సంగతి ఆడవాళ్లు ఇంట్లో కూడా చెప్పుకోరు. మా పెద్దమ్మ ఎనిమిది నెలలు ఏదో పౌడరు చల్లుకుంటూ గడిపింది. దయచేసి అడగండి, చెప్పనివ్వండి.

చూపు ఒక వారం మసకగా, మరో వారం స్పష్టంగా ఉంటే వెంటనే కొత్త కళ్లద్దాలు కొనకండి. షుగర్ హెచ్చుతగ్గులకు కంటి కటకం ఉబ్బి తగ్గుతుంటుంది. షుగర్ కొన్ని వారాలు నిలకడగా ఉన్నాక కొలిపించుకుంటే ఆ డబ్బు వృథా కాదు. ఇంకొక గుర్తు చాలామందికి తెలియదు: నడుస్తుండగా కాలి నుంచి చెప్పు జారిపోయినా తెలియకపోవడం. అది పాదంలో స్పర్శ పోతున్నదని చెప్పే గుర్తు.

ఏ లక్షణమూ లేదు కాబట్టి బాగున్నాననుకోవడం మాత్రం ప్రమాదం. 250కి అలవాటుపడిన ఒళ్లు 250లోనే హాయిగా ఉంటుంది.

రెండో అడుగు: మూడు నెలల సగటు

పరగడుపు అంకె ఆ ఒక్క ఉదయం సంగతి. హెచ్‌బీఏ1సీ అనే మూడు నెలల సగటు పరీక్షను మాత్రం మూడు రోజులు నోరు కట్టుకుని ఏమార్చలేం. ఎర్ర రక్తకణం దాదాపు 120 రోజులు బతుకుతుంది. అంతకాలం రక్తంలో ఎంత చక్కెర ఉంటే అంత దాని హిమోగ్లోబిన్‌కు అంటుకుంటుంది. ఆ అంటుకున్న శాతాన్నే కొలుస్తారు. దీనికి పరగడుపున వెళ్లవలసిన పని కూడా లేదు.

సగటు 7 వస్తే రోజువారీ షుగర్ సుమారు 154 ఉన్నట్టు. 8 అంటే 183, 9 అంటే 212, 10 అంటే 240. ఎక్కువమందికి 7 లోపు ఉండాలంటారు. డెబ్బై ఐదు దాటినవారికి, గుండె జబ్బో మూత్రపిండాల జబ్బో ఉన్నవారికి, తరచూ షుగర్ పడిపోయేవారికి 8 వరకు ఉన్నా పరవాలేదని డాక్టర్లు అనవచ్చు. మీ లక్ష్యం ఎంతో నోరు తెరిచి అడగండి. గర్భిణుల లెక్క పూర్తిగా వేరు, వారు ఆలస్యం చేయకుండా ప్రసూతి డాక్టరుకు చూపించుకోవాలి.

10 ఉన్నవారు 7 అనే అంకె చూసి నిరాశపడుతుంటారు. వారికి ఒక మాట. బ్రిటన్‌లో వేలమంది షుగర్ రోగులను ఏళ్ల తరబడి గమనించిన పెద్ద పరిశోధనలో, సగటు ఒక్క శాతం తగ్గినవారిలో కళ్లు, మూత్రపిండాల వంటి సన్నటి రక్తనాళాల జబ్బులు 37 శాతం తక్కువగా కనిపించాయి. ఆ ఫలితం 2000లో వెలువడింది. అంటే 10 నుంచి 9కి దిగినా అది నిజమైన గెలుపే.

ఈ పరీక్షకూ ఒక లోపం ఉంది. ఇనుము లోపంతో రక్తహీనత ఉంటే సగటు ఉన్నదానికన్నా ఎక్కువగా చూపవచ్చు. ఈ మధ్య రక్తం ఎక్కించుకున్నవారికి, డయాలసిస్‌లో ఉన్నవారికి కూడా అంకె నమ్మకంగా రాదు. హిమోగ్లోబిన్ తక్కువని తెలిసిన ఆడవాళ్లు ఆ సంగతి డాక్టరుకు తప్పక చెప్పాలి.

మూడో అడుగు: పూటల పుస్తకం

సగటు ఎక్కువగా ఉందని తెలిశాక, ఏ పూట పెరుగుతోందో వెతకాలి. ఒక నోటు పుస్తకం, ఒక గ్లూకోమీటరు చాలు. కొలిచిన ప్రతిసారీ మీటరులో పెట్టే స్ట్రిప్పుల ఖరీదు చూసి వెనకాడేవారి కోసం మేం పాటించే పద్ధతి ఇది. రోజుకు ఒక జంట కొలత. మొదటి రోజు టిఫినుకు ముందు, రెండు గంటల తర్వాత. రెండో రోజు మధ్యాహ్న భోజనానికి అలాగే. మూడో రోజు రాత్రి భోజనానికి. నాలుగో రోజు పడుకోబోయే ముందు, మర్నాడు పరగడుపున. ఆ వారంలో ఒక్కసారి తెల్లవారుజామున మూడింటికి. మొత్తం తొమ్మిది స్ట్రిప్పులతో ఇరవైనాలుగు గంటల బొమ్మ కళ్లముందుకు వస్తుంది. రెండు గంటలను చెయ్యి కడుక్కున్నప్పటి నుంచి కాకుండా మొదటి ముద్ద నోట్లో పెట్టినప్పటి నుంచి లెక్కించాలి. అంకె పక్కన ఏం తిన్నారు, ఎంత తిన్నారు, మందు ఏ వేళకు వేసుకున్నారు, ఎంత పని చేశారు అన్నీ రాయండి. ఆ వారం మాత్రం రోజూ తినేదే తినండి. మా నాన్న చేసిన పొరపాటు మీరు చేయవద్దు.

కొలిచే ముందు చేతులు సబ్బుతో కడిగి, తడి లేకుండా తుడుచుకోవాలి. మామిడిపండు తిన్న వేలితో కొలిచి 390 వచ్చిందని అర్ధరాత్రి మా ఇంటి తలుపు తట్టిన మనిషి ఉన్నాడు. కడిగి చూస్తే 176. వేలి కొన మధ్యలో కాకుండా పక్కన గుచ్చితే నొప్పి తక్కువ. రక్తం కోసం గట్టిగా పిండకూడదు. స్ట్రిప్పుల డబ్బా మూత వెంటనే బిగించాలి, గడువు తేదీ చూడాలి. ల్యాబుకు వెళ్లిన రోజున మీటరు కూడా తీసుకెళ్లి అక్కడే ఒకసారి కొలవండి. రెండింటికీ 15 శాతం వరకు తేడా ఉన్నా మీటరు బాగున్నట్టే.

ఇక అంకెలను చదవడం. సాధారణంగా తినకముందు 80 నుంచి 130, తిన్న రెండు గంటలకు 180 లోపు ఉండాలి. తినకముందు బాగుండి తిన్నాక 280కి లేస్తే తప్పు ఆ పళ్లెంలోనో, ఆ పూట మందులోనో ఉంది. పడుకునేటప్పుడు 140 ఉండి పొద్దున్నే 210 ఉంటే రాత్రంతా కాలేయం చక్కెర వదులుతోంది, రాత్రి మందు చాలడం లేదన్నమాట. అలాంటప్పుడు మూడింటి కొలత చాలా విలువైనది. అది 70 కన్నా తక్కువ ఉంటే రాత్రి మందు ఎక్కువవుతోంది, దాన్ని పెంచితే ప్రాణం మీదికి వస్తుంది. పడుకునేటప్పుడే 260 ఉంటే పొద్దున్న అంకెను తప్పుబట్టి లాభం లేదు, రాత్రి భోజనాన్ని చూడాలి. మా నాన్న విషయంలో అదే జరిగింది.

నాలుగో అడుగు: పళ్లేనికి ముందు, మందులో తప్పు వెతకడం

షుగర్ పెరిగితే ఇంట్లో అందరూ రోగి నోటినే నిందిస్తారు. నేను ముందు మందుల సంచి చూడమంటాను.

మాత్రలు నిజంగా వేసుకుంటున్నారా? పొలానికి, రొయ్యల చెరువు కాపలాకు, పొగాకు బ్యారన్ దగ్గర రాత్రి కాపుకు వెళ్లేవారికి రాత్రి మాత్ర తరచూ తప్పుతుంది. ఏడు రోజులకు ఏడు గదులున్న మాత్రల డబ్బా కొని ఆదివారం నింపి పెట్టండి. గది ఖాళీగా ఉందో లేదో చూస్తే చాలు, గొడవ పడనక్కర్లేదు. గ్లిమిపిరైడ్ వంటివి సాధారణంగా తినడానికి కాస్త ముందు, మెట్‌ఫార్మిన్ తిన్నాక వేసుకోమంటారు. మీ చీటీలో ఎలా రాశారో మందుల షాపులో అడిగి పుస్తకంలో తెలుగులో రాసుకోండి. మెట్‌ఫార్మిన్‌తో కడుపు ఉబ్బరం, విరేచనాలు వస్తే చెప్పకుండా మానేసేవారు చాలామంది. డాక్టరుకు చెబితే మెల్లగా విడుదలయ్యే రకం ఇస్తారు. చాలా ఏళ్లు వాడినవారికి బీ12 విటమిన్ తగ్గి కాళ్లు తిమ్మిరెక్కవచ్చు, దానికి వేరే పరీక్ష ఉంది.

షుగర్ నార్మల్‌కు వచ్చిందని మందు ఆపేశారా? మందు వల్లే వచ్చిన నార్మల్ అది.

మోకాళ్ల నొప్పులకు ఎక్కడైనా సూది వేయించుకున్నారా? పొట్లాలలో పేరులేని మాత్రలు తెచ్చుకున్నారా? వాటిలో స్టెరాయిడ్ ఉంటే ఒక్క రోజులో షుగర్ 300 దాటవచ్చు, నొప్పి మాత్రం మాయమవుతుంది, అందుకే మళ్లీ మళ్లీ వెళ్తారు. ఉబ్బసానికి, చర్మవ్యాధులకు డాక్టర్లు రాసే స్టెరాయిడ్ అవసరమైనదే కావచ్చు, ఆ రోజుల్లో షుగర్ మందు సర్దాలని వారికి గుర్తుచేయండి. దాగి ఉన్న ఇన్ఫెక్షన్ కూడా ఇలాగే చేస్తుంది: పుచ్చిన పన్ను, మూత్రంలో మంట, కాలివేళ్ల మధ్య పుండు. అది మానకుండా షుగర్ దిగదు, షుగర్ దిగకుండా అది మానదు. రెండింటికీ ఒకేసారి చికిత్స చేయాలి.

ఇన్సులిన్ వాడేవారి ఇళ్లలో నేను చూసిన తప్పుల్లో మొదటిది సిరంజి. మన దగ్గర సీసాలో దొరికే ఇన్సులిన్‌లో ఎక్కువ భాగం మిల్లీలీటరుకు 40 యూనిట్లది. దానికి 40 అని రాసి ఉన్న సిరంజి కావాలి, మామూలుగా ఎర్ర మూత ఉంటుంది. 100 యూనిట్ల ఇన్సులిన్‌కు 100 రాసి ఉన్నది, నారింజ మూతది. 40 సీసాలోంచి 100 సిరంజితో 20 గీత వరకు లాగితే ఒంట్లోకి వెళ్లేది 8 యూనిట్లే. తిరగేసి, 100 సీసాలోంచి 40 సిరంజితో 20 గీత వరకు లాగితే 50 యూనిట్లు వెళ్లి మనిషి పడిపోతాడు. సీసా మీద అంకె, సిరంజి మీద అంకె ఒకటేనా అని ప్రతిసారీ చూడండి. షాపువారు ‘ఏదైనా ఒకటే’ అన్నా ఒప్పుకోకండి.

రెండోది, ఒకే చోట గుచ్చడం. నొప్పి ఉండదని బొడ్డు పక్కన అదే చోట ఏళ్లపాటు వేసుకుంటే అక్కడ మెత్తటి గడ్డ కడుతుంది. ఆ గడ్డలో వేసిన ఇన్సులిన్ ఒక రోజు పనిచేసి ఒక రోజు చేయదు. పొట్ట మీద వేలితో నొక్కి చూడండి, గడ్డ తగిలితే ఆ చోటు వదిలేసి రోజూ రెండు వేళ్ల వెడల్పు జరుపుతూ వేసుకోవాలి. చోటు మార్చగానే మందు బాగా పట్టి షుగర్ పడిపోవచ్చు కనుక ఆ వారం తరచూ కొలవండి, డాక్టరుకు చెప్పండి. మబ్బుగా ఉండే ఇన్సులిన్‌ను అరచేతుల మధ్య పది ఇరవైసార్లు మెల్లగా దొర్లించాలి, గట్టిగా ఊపకూడదు.

మూడోది ఎండ. తెరవని సీసాలు ఫ్రిజ్‌లో తలుపు అరలో ఉండాలి, గడ్డకట్టే అరలో పెడితే పాడవుతాయి. వాడుతున్న సీసా 30 డిగ్రీల లోపు ఉంటే సుమారు నాలుగు వారాలు పనికి వస్తుంది. రోహిణి కార్తెలో మన ఇళ్లలో ఆ 30 ఎక్కడ ఉంటుంది? ఫ్రిజ్ లేనివారు వెడల్పాటి కుండలో తడి ఇసుక పోసి, అందులో చిన్న మట్టి పిడత ఉంచి, మూత ఉన్న ప్లాస్టిక్ డబ్బాలో సీసా పెట్టి ఆ పిడతలో దించాలి. నీడన ఉంచి, ఇసుక మీద రోజుకు రెండుసార్లు నీళ్లు చల్లాలి. తాగే నీళ్ల కుండ సూత్రమే ఇది. మోటారు సైకిల్ పెట్టెలో మాత్రం ఎన్నడూ పెట్టవద్దు.

ఇన్సులిన్ మొదలుపెట్టారంటే ఆఖరి దశ అన్న భయం మా అమ్మకూ ఉండేది. 1922 జనవరిలో కెనడాలోని టొరంటోలో లెనార్డ్ థాంప్సన్ అనే పద్నాలుగేళ్ల బాలుడికి మొట్టమొదటిసారి ఇన్సులిన్ ఇచ్చారు. చావుకు దగ్గరైన పిల్లవాడు మరో పదమూడేళ్లు బతికాడు. ఆ కథ చెప్పాకే అమ్మ చెయ్యి చాపింది. ఏళ్లు గడిచేకొద్దీ క్లోమం సొంత ఇన్సులిన్ చేయడం తగ్గిపోతుంది. లోటును బయటి నుంచి పూడ్చడంలో ఎవరి తప్పూ లేదు.

అయిదో అడుగు: పళ్లెం

మన దగ్గర అసలు చిక్కు అన్నం కొలతలో ఉంది. వండిన అన్నం వంద గ్రాములలో సుమారు 28 గ్రాములు పిండిపదార్థమే. చేపల పులుసు షుగర్ వారికి మంచిదా అని అడుగుతారు. చేప మంచిదే, బొమ్మిడాయిలైనా వంజరమైనా. మామిడికాయ వేసి ముందురోజు చేసిన పులుసు పొద్దున్నకు ఊరి ఎంత బాగుంటుందో నెల్లూరు వాళ్లకు చెప్పాలా? అయితే ఆ పులుసు రుచికి ముక్క రెండు తిని అన్నం నాలుగుసార్లు వడ్డించుకుంటాం. లెక్క తిరగేయండి. ముందు ఒక గిన్నెడు కూర, ఆ తర్వాత చేప ముక్కలు, చివరకు అన్నం. కూర, మాంసకృత్తులు ముందు తిని అన్నం తర్వాత తింటే తిన్నాక షుగర్ తక్కువగా లేస్తుంది. పళ్లెంలో సగం కూరగాయలు, పావు పప్పో చేపో గుడ్డో, పావు అన్నం. అన్నానికి ఒక గిన్నెను కొలతగా పెట్టుకుని దానితోనే వడ్డించుకోండి, అన్నం గరిటెతో కాదు. ఒకే కొలత రోజూ తింటేనే మందు డోసు సర్దడం డాక్టరుకు కుదురుతుంది.

గంజి వార్చినంత మాత్రాన అన్నంలోని పిండిపదార్థం పోదు. కొర్రలు, సజ్జలు, జొన్నలు పీచు ఎక్కువగా ఉన్నవే, ప్రకాశం మెట్ట పొలాల పంటలే, తినండి. కానీ కొర్రన్నం కూడా అన్నమే, రెండు గిన్నెలు తింటే అంకె చెబుతుంది. రాగిజావ గురించి గట్టిగా చెప్పాలి: మెత్తటి పిండి పల్చగా కాచి తాగితే అది గబగబా రక్తంలో కలుస్తుంది. అదే రాగిని ఆకుకూర పప్పుతో చిన్న సంగటి ముద్దగా తినడం మేలు. మా పుస్తకాల్లో జావ తాగిన రోజు, సంగటి తిన్న రోజు పక్కపక్కన ఉన్నాయి. మీరూ మీ మీటరుతో చూసుకోండి, నా మాట నమ్మవలసిన పని లేదు.

పండు భోజనం మీద వద్దు, సాయంత్రం నాలుగింటికి విడిగా తినండి. మామిడి కాలంలో రెండు చిన్న ముక్కలు, అదీ షుగర్ అదుపులో ఉన్న రోజున. పండ్ల రసాలు వద్దు. టీలో చక్కెర బదులు బెల్లం వేసుకుంటే ఏమీ మారదు. మలై కాజా నెల్లూరు బంధువుల ప్రేమకు గుర్తు అని తెలుసు, ఒక్క కాజా నలుగురం పంచుకోవడం మా ఇంట్లో అలవాటైంది. రాత్రి భోజనం ఎనిమిదింటికల్లా ముగించగలిగితే చాలామందికి పొద్దున్న అంకె దానంతటదే దిగుతుంది.

ఆరో అడుగు: నడక

భోజనం అయిన తర్వాత పది పదిహేను నిమిషాలు నడిస్తే ఆ పూట షుగర్ తగ్గుతుంది, రుజువు అదే రోజు మీటరులో కనిపిస్తుంది. వారానికి 150 నిమిషాలు లక్ష్యం. పొలంలో చేసే పని కూడా లెక్కలోకి వస్తుంది. కాలికి పుండు ఉంటే మాత్రం నడక ఆపండి.

ఏడో అడుగు: షుగర్ పడిపోతే

అదుపు కోసం పట్టుబట్టినప్పుడే ఇది ఎక్కువగా వస్తుంది కనుక ఇంట్లో అందరికీ తెలిసి ఉండాలి. వణుకు, చెమట, గుండెదడ, విపరీతమైన ఆకలి, కోపం, తికమక. 70 కన్నా తక్కువ ఉంటే మూడు చెంచాల గ్లూకోజు పొడి నీళ్లలో కలిపి వెంటనే తాగించాలి. పదిహేను నిమిషాలకు మళ్లీ కొలవాలి, లేవకపోతే మళ్లీ ఇవ్వాలి. లేచాక ఏదైనా తినాలి. వోగ్లిబోస్, అకార్బోస్ మాత్రలు వాడేవారికి మామూలు చక్కెర త్వరగా పనిచేయదు, గ్లూకోజే కావాలి. మీ మాత్రలో ఆ రెండు మందుల్లో ఏదైనా ఉందో లేదో ఈ రోజే చూసుకోండి. స్పృహ లేకపోతే నోట్లో ఏమీ పోయకండి, పక్కకు తిప్పి పడుకోబెట్టి 108కి ఫోను చేయండి. మూత్రపిండాలు దెబ్బతిన్న పెద్దవారు గ్లిమిపిరైడ్ వంటి మాత్రలతో పడిపోతే కోలుకున్నాక కూడా గంటల తర్వాత మళ్లీ పడిపోవచ్చు, ఆస్పత్రిలో ఉంచాలి.

చాలాకాలం 250లో ఉన్నవారికి 110కి దిగగానే ఇవే లక్షణాలు వస్తాయి. కొలిచి చూడండి. 110 ఉంటే అది నిజమైన పతనం కాదు. కొన్ని వారాలలో ఒళ్లు అలవాటు పడుతుంది. కొలవకుండా ప్రతిసారీ చక్కెర తింటూ పోతే ఎన్నటికీ దిగదు.

కార్తీక సోమవారాలు, శివరాత్రి, రంజాన్ ఉపవాసాలు ఉండేవారు రెండు వారాల ముందే డాక్టరును కలిసి మందు వేళలు మార్పించుకోవాలి. ఉపవాసంలో 70 కన్నా తగ్గితే అక్కడితో విరమించాలి. ఖాళీ కడుపుతో మద్యం కూడా షుగర్‌ను అర్ధరాత్రి పడగొడుతుంది, పక్కవారు తాగి పడుకున్నాడనుకుంటారు.

ఎనిమిదో అడుగు: పాదాలు, కళ్లు, మూత్రపిండాలు

రోజూ రాత్రి పాదాలు చూసుకోండి. అరికాలు కనిపించకపోతే నేల మీద అద్దం పెట్టండి, లేదా మనవడిని చూడమనండి. వేళ్ల సందులు, మడమ పగుళ్లు, ఆనెలు, ఎర్రబడిన చోట్లు. ఆనెను బ్లేడుతో కోయకండి, యాసిడ్ మందు పూయకండి. వేడినీళ్ల కాపడం వద్దు, స్పర్శ లేని కాలు ఉడికిపోయినా తెలియదు. పాదానికి నూనె రాయవచ్చు కానీ వేళ్ల మధ్య తడి ఉండకూడదు. చెప్పు వేసుకునే ముందు దులపాలి. ఇంట్లో కూడా మెత్తటి చెప్పులు వేసుకోవాలి. వెనుక పట్టీ ఉన్న చెప్పులైతే జారిపోవు. మే నెల మధ్యాహ్నం గుడి చుట్టూ రాతి బండల మీద ప్రదక్షిణ చేసి, సాయంత్రానికి అరికాళ్లు బొబ్బలెక్కాయని కనుక్కున్నవారిని చూశాను. తెల్లవారుజామునే వెళ్లండి, లేదా మేజోళ్లు వేసుకుని వెళ్లండి. నాన్నకు పుండు మొదలైంది చేనిగట్టు మీద గుచ్చుకున్న చిన్న ముల్లుతో. ఆయనకు ముల్లు గుచ్చుకున్నట్టే తెలియలేదు.

ఏడాదికోసారి కంటి పాపలు పెద్దవి చేసి కంటి లోపలి పొర రెటీనాను చూపించాలి, చూపు బాగున్నా సరే. మూత్రపిండాలు ఎలా ఉన్నాయో చెప్పే పరీక్షలు, మూత్రంలో అల్బుమిన్, రక్తంలో క్రియాటినిన్, ఏడాదికోసారి. ఫ్లోరైడ్ నీటితో తరాలుగా బాధపడుతున్న కనిగిరి వైపు ఊళ్లలో మూత్రపిండాల జబ్బు మాట కొత్త కాదు. అక్కడి షుగర్ రోగులు నొప్పి మాత్రలు సొంతంగా కొని మింగడం పూర్తిగా మానాలి. రక్తపోటు, కొలెస్ట్రాల్ కూడా అదుపులో ఉండాలి. పొగాకు, గుట్కా మానాలి, కాళ్ల రక్తనాళాలు మూసుకుపోవడంలో వాటి పాత్ర పెద్దది.

తొమ్మిదో అడుగు: డాక్టరు దగ్గరికి

పుస్తకం, మీటరు, మందులు అన్నీ ఒక సంచిలో వేసుకుని వెళ్లండి. ఆయుర్వేదం, పొట్లం మందులు వాడుతుంటే అవి కూడా సంచిలో ఉండాలి. పుస్తకం తెరిచి పెరిగిన పూటను చూపించి అడగండి: “అయ్యా, మధ్యాహ్నం తిన్నాక మాత్రమే పెరుగుతోంది, ఏ మందు మార్చాలి?” అలా అడిగిన రోజు నుంచి మా అమ్మకు మందుల సంఖ్య తగ్గింది. డబ్బుకు ఇబ్బంది ఉంటే ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో ముప్పై ఏళ్లు దాటినవారికి షుగర్, బీపీ ఉచితంగా చూసి మామూలు మాత్రలు ఇస్తారు. ఆశా కార్యకర్తను అడగండి. పెద్ద పరీక్షలకు నెల్లూరు, ఒంగోలు ప్రభుత్వ బోధనాస్పత్రులు ఉన్నాయి. కొనుక్కోవలసి వస్తే జన ఔషధి దుకాణంలో అదే మందు తక్కువకు దొరుకుతుంది.

మందు మారిన రెండు వారాలకు తొమ్మిది స్ట్రిప్పుల వారం మళ్లీ చేయండి. మూడు నెలలకు అదే ల్యాబులో సగటు చూపించి, కొత్త అంకెను పాత అంకె పక్కనే రాయండి. ఆ పేజీ కింద తర్వాతి పరీక్ష తేదీ వేసి, ఆ రోజు మీతో ఎవరు వస్తారో వారి పేరు కూడా రాసి పెట్టుకోండి.